తొలకరి వాసన రావాలంటే కాస్త నేల మిగలాలి

మృగశిర కార్తె దగ్గరపడుతోందంటే పల్లెలోనైనా పట్నంలోనైనా అందరూ ఆకాశం వైపు చూస్తుంటారు. ఎండకి పెళుసెక్కిన నేల మీద నాలుగు చినుకులు పడగానే గుప్పుమనే ఆ మట్టి వాసన కోసం ఏడాదంతా కాచుకున్నట్టు ఉంటుంది. దాని మీద కవితలకు కొదవ లేదు. నా ధ్యాస వేరే సంగతి మీద ఉంది. ఆ వాసన ఎలా పుడుతుందో, మన మనసులో అది ఏ వయసులో పాతుకుంటుందో చదివాక, ఇళ్ల ముందూ బడుల్లోనూ నేలను మనం గచ్చుతో కప్పేస్తున్న తీరు చూస్తే బెంగగా ఉంటోంది.

1964లో ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థకు చెందిన ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ ఈ వాసనకు పెట్రికోర్ అని పేరు పెట్టారు. వానలు లేని రోజుల్లో నూనెల్లాంటి పదార్థాలు మట్టికీ రాళ్లకీ పట్టుకుని ఉంటాయి, తేమ తగలగానే గాలిలోకి వస్తాయి. ఎండ రోజులు ఎంత ఎక్కువైతే వాసన అంత గాఢం. రోహిణి ఎండల తర్వాత పడే చినుక్కి ఉన్న కమ్మదనం శ్రావణం ముసురుకి లేకపోవడం అందుకే.

ఇందులో మట్టి వంతు ఇంకోటి ఉంది. నేలలో బతికే స్ట్రెప్టోమైసిస్ జాతి బాక్టీరియా జియోస్మిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. లక్ష కోట్ల పాళ్లలో ఐదారు పాళ్లున్నా చాలు, మన ముక్కు పసిగట్టేస్తుంది. ఆ బాక్టీరియాకి ఈ వాసనతో ఏం పని అనే ప్రశ్నకు 2020లో ఒక జవాబు దొరికింది. మట్టిలో ఎగిరెగిరి తిరిగే సన్నటి పురుగుల్లాంటి జీవులు, స్ప్రింగ్‌టెయిల్స్, ఈ వాసన పట్టుకుని వచ్చి బాక్టీరియాని తింటాయి, దాని బీజాలను ఒంటికి అంటించుకుని వేరే చోటికి మోసుకుపోతాయి. మనం మైమరచి పీల్చే ఆ వాసన అసలు మన కోసం పుట్టిందే కాదు.

మరి అది నేల నుంచి మన ముక్కు దాకా ఎలా వస్తోంది? 2015లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు చినుకు నేలను తాకే క్షణాన్ని హైస్పీడ్ కెమెరాలతో చిత్రీకరించారు. చినుకు గుల్లగా ఉన్న మట్టి మీద పడినప్పుడు దాని అడుగున గాలి బుడగలు చిక్కుకుంటాయి. అవి చినుకులోంచే పైకొచ్చి, సోడా పొంగినట్టు చిట్లి, కంటికి కనపడనంత సన్నని తుంపరను గాలిలోకి చిమ్ముతాయి. వాసనని మోసుకొచ్చేది ఆ తుంపరే. జోరువాన కంటే చిరుజల్లు దీన్ని ఎక్కువగా లేపుతుందని కూడా వాళ్లు చూశారు. వాన దంచికొట్టే ముందు పడే ఆ మొదటి నాలుగు చినుకులకే వాసన ఎందుకు గుప్పుమంటుందో ఇక్కడ అర్థమవుతుంది.

అంటే తొలకరి వాసనకి చినుకు ఒక్కటే సరిపోదు. కింద గుల్ల నేల ఉండాలి, అందులో ప్రాణమున్న మట్టి ఉండాలి. సిమెంటు గచ్చు మీద చినుకు పడితే తడి వాసన రావచ్చు, తారు వాసన రావచ్చు. మనం ఎదురుచూసే ఆ కమ్మదనం మాత్రం రాదు.

ఇదే జియోస్మిన్‌ని మనం ఇంకో చోట ఏవగించుకుంటాం. చెరువు చేప వండినప్పుడు ఒక్కోసారి "మట్టి వాసన కొడుతోంది" అని కంచం పక్కకి నెట్టేస్తాం చూడండి, అది చాలాసార్లు ఇదే. పులుపు తగిలితే జియోస్మిన్ విరిగిపోయి వాసన పోతుంది. చేపలపులుసులో చింతపండు దండిగా పోయడం, కడిగేటప్పుడు ఉప్పుతోపాటు నిమ్మరసమో మజ్జిగో పట్టించడం మన వంటింటి ఆడవాళ్లు రసాయన శాస్త్రం చదివి నేర్చుకున్నది కాదు. ముక్కు నేర్పిన పాఠం అది. గాలిలో దేవుడి వరంలా తోచింది కంచంలో కంపు కావడం చూస్తే, వాసనకి విలువ కట్టేది ముక్కు ఒక్కటే కాదని, దాని వెనకున్న సందర్భమూ జ్ఞాపకమూ కూడా అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఈ వాసనని సీసాలో పట్టాలన్న కోరిక ఇవాళ్టిది కాదు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో మట్టి అత్తరు తీస్తారు. సగం కాల్చిన మట్టి బిళ్లల్ని పెద్ద రాగి డేగిసాలో నీళ్లతో వేసి, మూతని మట్టితో మెత్తి, కింద సన్నటి మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా చల్లటి నీళ్లలో ఉంచిన పాత్రలోకి దిగి, అందులోని గంధం నూనెలో కలుస్తుంది. బేర్, థామస్ తమ వ్యాసంలో ఈ అత్తరును ప్రస్తావించారు. కన్నౌజ్ అత్తర్లకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆ పనివాళ్ల నైపుణ్యానికి చేతులెత్తి దండం పెట్టాలి. అయితే ఆ సీసా మూత తీస్తే మనసు ఊగేది, మట్టి వాసన ముందే ఎరిగిన మనిషికే. ఎన్నడూ ఎరగని పిల్లవాడికి అది ఇంకో సెంటు, అంతే.

ఇక్కడే అసలు చిక్కంతా ఉంది. చూసినవీ విన్నవీ మెదడులో ఒక మజిలీ దాటుకుని వెళతాయి. వాసన మాత్రం దాదాపు నేరుగా ఉద్వేగాల్నీ జ్ఞాపకాల్నీ చూసుకునే భాగాలకు చేరిపోతుంది. స్వీడన్‌లో పెద్ద వయసు వాళ్ల మీద జరిపిన పరిశీలన ఒకటి 2006లో వచ్చింది. మాటలో బొమ్మలో చూపిస్తే వాళ్లకి ఎక్కువగా టీనేజీ నాటి సంగతులు గుర్తొచ్చాయి. వాసన చూపిస్తే పదేళ్లలోపు బాల్యం తిరిగొచ్చింది. అంటే వాసనల ఖాతా చిన్నప్పుడే తెరుచుకుంటుంది. ఆ వయసులో దానిలో పడనిది పెద్దయ్యాక పడటం కష్టమే అని నా నమ్మకం.

మా ఇంట్లో ఆదివారం తలంటి అంటే వాసనల పండగ. అమ్మమ్మ కుంకుడుకాయలు కొట్టి వేడినీళ్లలో నానేసి పిసుకుతుంటే నురగతోపాటు ఓ రకం ఘాటు వాసన లేచేది. రసం కళ్లలో పడి మంటకి ఏడుస్తుంటే, తల తుడిచి, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, పైన గంప బోర్లించి, దాని మీద జుట్టు ఆరబోసేది. ఇవాళ ఎక్కడ సాంబ్రాణి పొగ తగిలినా నాకు గుడి కంటే ముందు ఆ తడి జుట్టు, ఆ ఏడుపు, ఆవిడ చెయ్యి గుర్తొస్తాయి. ఒక్కొక్కరికి ఒక్కో వాసన. కొందరికి కొత్తావకాయ కలిపే రోజు ఆవపిండి ఘాటు, కొందరికి మల్లెచెండు, మాగాణి ఊళ్ల వాళ్లకి కుప్ప నూర్చేటప్పటి వరిగడ్డి. గల్ఫ్‌కి పోయినవాళ్లు, అమెరికాలో ఉన్నవాళ్లు సూట్‌కేసులో పచ్చడి ప్యాకెట్లు కుక్కుకుని వెళ్లేది రుచి కోసమేనా?

కరోనా రోజుల్లో వాసన పోయినవాళ్లని అడిగితే తెలుస్తుంది. అన్నం తింటున్నట్టే లేదన్నారు. పసిబిడ్డని ఎత్తుకుంటే ఏదో వెలితిగా ఉందన్న తల్లులున్నారు.

సరే, మన పిల్లలకి ఆ పదేళ్లలో మనం ఏం ఇస్తున్నాం? అపార్ట్‌మెంట్ సెల్లార్, ఏసీ బస్సు, పేవర్ టైల్స్ పరిచిన బడి ఆవరణ. పల్లెల్లోనూ ఉపాధి హామీ నిధులతో సీసీ రోడ్లు వచ్చాయి. మోకాళ్లలోతు బురదలో నడిచినవాళ్లకి ఆ రోడ్డు విలువ తెలుసు, దాన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. నా గొడవల్లా రోడ్డు పక్కన మిగిలిన నేలతోనే. వాకిలి గచ్చయింది, పెరడు గచ్చయింది, పేడ కళ్లాపి చల్లి ముగ్గేసే చోటు టైల్స్ అయ్యింది. వేప చెట్టు మొదలు చుట్టూ కూడా సిమెంటు పోసేస్తున్నాం. వాన నీరు ఇంకే గుల్ల నేలా, వాసన ఇచ్చే నేలా ఒక్కటే. బోరు ఎండిపోయిందని గోల పెట్టే కాలనీలో తొలకరి వాసన కూడా రాకపోవడం యాదృచ్ఛికం అనుకోను.

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. చెట్ల మొదళ్ల చుట్టూ మీటరు దూరం వరకు కాంక్రీటు తొలగించమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఢిల్లీ అధికారుల్ని ఆదేశించింది. ఆ పాటి పని చేయడానికి మన కాలనీ సంఘాలకి కోర్టు ఆదేశం అక్కర్లేదు. ఈ ఎండాకాలం సెలవుల్లోనే చెట్ల కింద టైల్స్ లేపి మట్టిని వదిలేయొచ్చు. బడుల్లో ఆటస్థలం మొత్తం గచ్చు చేసే ముందు తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పొచ్చు. మొదటి చినుకులకి పిల్లల్ని లోపలికి లాక్కోకుండా పది నిమిషాలు బయట వదలమని టీచర్లనూ అడగొచ్చు.