పింగాణీ బిళ్ల గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ పింగాణీ బిళ్ల గారికి, విశాఖపట్నంలో ఏటా ఇంటి పన్ను కడుతున్న ఒక పౌరుడు నమస్కరించి రాయునది.

స్థానిక సంస్థల ప్రతినిధుల సంఘం వారు తమ కార్యవర్గానికి పదవీ చిహ్నాలుగా మిమ్మల్ని చేయించారని తెలిసి సంతోషించాను. ఇత్తడి నల్లబడి, ఇనుము తుప్పుపట్టే ఈ ఊరిలో ఉప్పుగాలికి లొంగని పింగాణీని ఎంచుకోవడం తెలివైన పనే. మట్టిముద్దగా మొదలై, ఆరేటప్పుడు కొంత, కాలేటప్పుడు మరికొంత కుంచించుకుపోయి, గాజుపూత పూయించుకుని వెయ్యి డిగ్రీలు దాటిన బట్టీలో మళ్లీ కాలి, అంచున బంగారు గీత కోసం ఇంకాస్త తక్కువ వేడిలో మూడోసారి కూడా కాలితే గాని మీకు పదవి రాలేదు. మిమ్మల్ని ధరించేవారికి ఒక్క సెగైనా తగిలినట్టు నేను వినలేదు.

ఆ మధ్య ఒక సన్మాన సభలో మిమ్మల్ని దగ్గరగా చూశాను. వెనుక జిగురుతో అతికించిన పిన్ను మీ బరువును ఆపలేక కండువా కిందికి జారుతుంటే, అధ్యక్షులవారు ప్రసంగం ముగిసేవరకు కుడిచేతిని గుండె మీదే ఉంచుకున్నారు. అది ప్రజల మీది ప్రేమ అనుకుని వెనుక వరుసలవారు చప్పట్లు కొట్టారు.

పూర్వం బిళ్ల ఉండేది బంట్రోతు భుజం మీది డవాలీ పట్టీ మీద. దొరగారి అధికారం ఆయన సంతకంలో ఉండేది కాబట్టి ఆయనకు బిళ్లతో పని లేదు. ఇప్పుడు మీరు నాయకుల రొమ్ము మీదికి ఎక్కారంటే, సంతకం ఎవరి బల్ల మీద ఉందో ఊహించుకోవచ్చు. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు అప్పగించదగినవిగా 18 అంశాలను పన్నెండో షెడ్యూలులో చేర్చింది. పాలకవర్గం గడువు ఐదేళ్లేననీ, అది తీరకముందే ఎన్నిక పూర్తి కావాలనీ స్పష్టంగా చెప్పింది. మా మహా విశాఖ నగరపాలక సంస్థలో 2007లో ఎన్నికైన పాలకవర్గం 2012లో దిగిపోతే, మళ్లీ మేము ఓటు వేసింది 2021 మార్చిలో. ఆ నడుమ ఏళ్లన్నీ ప్రత్యేకాధికారులవే. అప్పుడే మీరు పుట్టి ఉంటే, పూత చెక్కుచెదరకుండా ఏదో బీరువాలో నిక్షేపంగా ఉండేవారు.

కనుక నా విన్నపం ఒక్కటే. ఈసారి బట్టీకి వెళ్లేటప్పుడు, వెనుక పిన్ను పక్కన, ధరించేవారి గడువు తీరే తేదీని కూడా పూత కింద రాయించుకోండి. పూత కింద కాలిన అంకెలను సవరిస్తూ జీవో తేవడం కాస్త కష్టం.

ఇట్లు,
2007 తర్వాత 2021లో ఓటు వేసిన
తమ విధేయుడు