నమూనా పరిమాణం: మూడు

అమెరికాలో గణాంకశాస్త్రం పీహెచ్‌డీకి దరఖాస్తు చేసే విదేశీ విద్యార్థులు ఆ తంతును చూసి విసుక్కోవడం అన్యాయమని సవినయంగా మనవి చేస్తున్నాను. సీటు వచ్చాక ఐదేళ్లపాటు నేర్పబోయే పాఠాలన్నిటినీ, సీటు వస్తుందో రాదో తేలకముందే, దరఖాస్తుకు సుమారు 100 డాలర్ల చొప్పున పుచ్చుకుని, విద్యార్థి మీదే ప్రయోగించి చూపించే శాస్త్రం మరొకటి ఉన్నట్టు నాకు తెలియదు.

చిన్న నమూనాను చూసి పెద్ద తీర్మానం చేయరాదన్నది ఈ శాస్త్రపు తొలి పాఠాల్లో ఒకటి. గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసిన విలియం గాసెట్, పిడికెడు కొలతలను ఎంతవరకు నమ్మవచ్చో లెక్కగట్టే పద్ధతిని 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో ప్రచురించాడు. విద్యార్థి పేరిట వెలువడిన ఆ హెచ్చరికను, విద్యార్థులను ఎంచుకునే కమిటీలు మూడు సిఫార్సు లేఖలు అడిగి గౌరవిస్తున్నాయి. మూడంటే మూడు. అవి కూడా యాదృచ్ఛికంగా తీసినవి కావు. మనల్ని మెచ్చుకుంటారన్న గట్టి నమ్మకంతో మనమే ఏరి కూర్చుకున్నవి. ఇది పక్షపాత నమూనా అని పరీక్షలో రాస్తే మార్కులు పడతాయి, దరఖాస్తులో రాస్తే పడవు. లేఖతోపాటు ప్రొఫెసర్‌గారు ఒక పట్టిక కూడా నింపాలి: తాము పాఠం చెప్పినవారిలో ఈ అభ్యర్థి పై 1 శాతంలో ఉన్నాడా, 5 శాతంలోనా, 10 శాతంలోనా? దయగల ప్రొఫెసర్ ఒకే తరగతి నుంచి ఐదుగురిని పై 1 శాతంలో కూర్చోబెడతారు. అందుకు ఆ తరగతిలో కనీసం 500 మంది ఉండాలి; బల్లలు మాత్రం నలభైకి మించవు. దయలేని ప్రొఫెసర్ సంగతి ఇంకా విషాదం. ఆయన తన దేశపు అలవాటు ప్రకారం ‘మంచి విద్యార్థి, క్రమం తప్పక తరగతికి వస్తాడు’ అని నిజాయితీగా రాస్తారు. అమెరికా సిఫార్సు లేఖల కొలమానంలో అది ప్రశంస కాదు, దాదాపు అభియోగం.

అమెరికా పైచదువుల ప్రవేశ పరీక్ష జీఆర్ఈ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. గణిత విభాగంలో గరిష్ఠ మార్కు 170. ఈ శాస్త్రానికి దరఖాస్తు చేసేవాళ్లలో చాలామంది ఆ పైకప్పుకే తల ఆనించి నిలబడి ఉంటారు కాబట్టి, ఎవరు ఎంత పొడుగో ఆ పరీక్ష చెప్పలేదు. ఇది గ్రహించిన విభాగాలు దాన్ని ఐచ్ఛికం చేశాయి. దాంతో పంపనివాడు ఎందుకు పంపలేదన్న కొత్త ప్రశ్న పుట్టి, లోపించిన దత్తాంశం మీద ఒక పాఠం ఉచితంగా పూర్తయింది.

ఇక ఎన్ని చోట్లకు పంపాలన్నది. ఒక్కోచోట అవకాశం పదింట ఒకటి అనుకుందాం. పదిహేను చోట్లకు పంపితే కనీసం ఒక్కచోటైనా సీటు దొరికే సంభావ్యత 79 శాతమని విద్యార్థి లెక్కవేసి, ఆ రాత్రి హాయిగా నిద్రపోతాడు. తెల్లవారాక గుర్తొస్తుంది: ఆ గుణకారం చెల్లాలంటే ఫలితాలు పరస్పరం స్వతంత్రంగా ఉండాలి. పదిహేను చోట్లకూ వెళ్తున్నవి అవే మూడు లేఖలు, అదే మార్కుల జాబితా, విశ్వవిద్యాలయం పేరు మాత్రమే మారిన (ఒకచోట మార్చడం మరిచిపోయిన) అదే లక్ష్య ప్రకటన, అంటే ఈ చదువు ఎందుకు కావాలో చెప్పుకునే వ్యాసం. అన్ని కమిటీలూ ఒకేలా ఆలోచిస్తే 79 కాస్తా మళ్లీ 10కి దిగుతుంది. నిజం ఈ రెండింటి నడుమ ఎక్కడో ఉంది. 1,500 డాలర్లు కూడా అక్కడే ఉన్నాయి.

ఆ లక్ష్య ప్రకటనలో ప్రతివారికీ పసితనం నుంచే అనిశ్చితి మీద అనురాగం ఉంటుంది. గణాంకశాస్త్రవేత్త సి.ఆర్. రావు 1946లో కేంబ్రిడ్జి వెళ్లింది ఇలాంటి అనురాగం ప్రకటించి కాదు. సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వితీసిన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించే పని ఉండి. అంతకు ముందటి ఏడాదే ఆయన పేరు పాఠ్యపుస్తకాల్లో శాశ్వతం చేసిన వ్యాసం అచ్చయింది. ఎముకల పని చేస్తూనే ఈ శాస్త్రపు దిగ్గజం ఫిషర్ దగ్గర 1948లో డాక్టరేట్ పుచ్చుకున్నారు. ఈనాటి దరఖాస్తు ఫారం ఆయన్నయినా ముందు ఇంగ్లీషు వచ్చునని రుజువు చూపమనేది.

కమిటీల మీద పక్షపాతం మోపే తొందరపాటుకు కూడా ఈ శాస్త్రంలో మందుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖలో 1973 ప్రవేశాలను మొత్తంగా చూస్తే పురుషుల్లో 44 శాతానికి, స్త్రీలలో 35 శాతానికి సీట్లు వచ్చాయి. విభాగాలవారీగా విడదీస్తే ఆ తేడా దాదాపు మాయమైంది. స్త్రీలు ఎక్కువగా దరఖాస్తు చేసింది సీటు దొరకడమే కష్టమైన విభాగాలకు. ఆ 1975 నాటి విశ్లేషణ నేటికీ ప్రతి తరగతిలోనూ చెబుతారు. విడదీసి చూడమని లోకానికి బోధించిన శాస్త్రమే తన ప్రవేశాలను స్వదేశీ, విదేశీ అని విడదీసి చూపడానికి అంతగా ఉత్సాహపడదు. విడదీస్తే కనిపించేది ప్రతిభ కన్నా ఖర్చు: జాతీయ సైన్స్ ఫౌండేషన్ ఫెలోషిప్ విదేశీ విద్యార్థికి వర్తించదు, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వేరే రాష్ట్రం నుంచి వచ్చిన అమెరికన్ ఒక ఏడాదికి స్థానికుడు కాగలడు, ఇతడు ఎన్నేళ్లున్నా బయటివాడే. బయటివాడికి ట్యూషన్ ఎక్కువ; ఆ అదనం విభాగం నెత్తిన పడుతుంది.

ఏప్రిల్ 15 గడువు వరకు వెయిటింగ్ లిస్టులో వేలాడి, చివరికి సీటు సంపాదించినవాడికి చిట్టచివరి పాఠం వీసా కిటికీ దగ్గర జరుగుతుంది. అమెరికా వలస చట్టం 214(బి) సెక్షన్ ప్రకారం, విద్యార్థి వీసా అడిగినవాడు అక్కడే స్థిరపడిపోయేవాడని ముందే భావించాలి. కాదని అధికారిని ఒప్పించే భారం అతనిదే. తప్పని రుజువయ్యేదాకా నిజమని పట్టుకునే ఊహను ఈ శాస్త్రం శూన్య పరికల్పన అంటుంది; ఇంత శుద్ధమైనది పుస్తకాల్లో కూడా అరుదు. అది తిరస్కరణకు గురికాకపోతే, గురయ్యేది విద్యార్థే. ఉన్న సమయం రెండు మూడు నిమిషాలు. చదువయ్యాక తిరిగి వెళ్తావా అని అధికారి అడుగుతాడు. ఏ సంగతినీ పొరపాటు అవకాశం జతచేయకుండా చెప్పరాదని నేర్చుకోవడానికి బయల్దేరిన విద్యార్థి, కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ ఊసెత్తకుండా, ‘వెళ్తానండి’ అంటాడు.