రెండు నిమిషాల దుఃఖాన్ని కూడా విననివ్వరా?

కోపం తగ్గాక రాస్తే మర్యాదగా రాస్తాను. అందుకే తగ్గకముందే రాస్తున్నాను.

నిన్న పెళ్లి చూసుకుని విజయవాడ హైవే మీద తిరిగి వస్తున్నాం. బండి నేనే నడుపుతున్నాను. చౌటుప్పల్ దాటేసరికి అందరూ కునుకు తీస్తున్నారు కదా అని, సౌండ్ బాగా తగ్గించి పియానో పెట్టుకున్నాను. వెనక సీట్లోంచి మా బావమరిది లేచి, "ఏంటి బావా, ఎవరైనా పోయారా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే తన ఫోన్ కనెక్ట్ చేసి మాస్ బీట్ పెట్టేశాడు. కారంతా నవ్వులు. అక్కడితో అయిపోతే నేనూ మర్చిపోయేవాణ్ణి. రాత్రి మా ఆవిడ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: "అక్కా, బావకి ఆఫీసులో ఏమైనా టెన్షనా? ఒకసారి ఎవరికైనా చూపించండి."

షోపాన్ అనే పోలండ్ సంగీతకర్త పియానో విన్నందుకు నన్ను డాక్టర్‌కి చూపించాలట!

వాడు ఆపేసింది షోపాన్ రాసిన ‘E మైనర్’ ప్రెల్యూడ్, అంటే ఒక చిన్న పియానో ముక్క. మొత్తం కలిపి రెండు నిమిషాల చిల్లర ఉంటుంది. టోల్‌గేట్ దగ్గర అంతకంటే ఎక్కువసేపు ఓపిగ్గా కూర్చున్నాం అందరం. 1838 చలికాలంలో షోపాన్ ఒంట్లో బాగోక, దగ్గుతూ, మజోర్కా దీవిలో ఒక పాత మఠంలో గది తీసుకుని ఉన్నప్పుడు 24 ప్రెల్యూడ్లు పూర్తి చేశాడు. వాటిలో ఇది నాలుగోది. కుడిచెయ్యి దాదాపు కదలదు. ఒక స్వరం, దాని పక్క స్వరం, మళ్లీ మొదటిదే. ఎడమచెయ్యి మాత్రం అవే కార్డులు (chords, ఒకేసారి మోగే కొన్ని స్వరాలు) కొడుతూ, ఒక్కోసారి ఒక్కో వేలిని అర స్వరం కిందికి జరుపుతూ, చీకట్లో బావిమెట్లు దిగినట్టు దిగుతుంది. పైన పాట ఉన్నచోటే ఉంటుంది, దాని కింద ఆధారం జారిపోతూ ఉంటుంది. బాధంతా అక్కడుంది. మధ్యలో ఒక్కసారి గట్టిగా ఎగిసి వెంటనే అణిగిపోతుంది. చివర్లో అంతా ఆగుతుంది. నిశ్శబ్దం. ఆ తర్వాత చాలా మెల్లగా మూడు కార్డులు. మా వాడు దాన్ని ఆ నిశ్శబ్దం దాకా కూడా రానివ్వలేదు.

ఎవరైనా పోయారా అని కదా అడిగాడు. పోయారు. 1849లో షోపాన్ పోయాడు, 39 ఏళ్లకి. పారిస్ మాడెలైన్ చర్చిలో ఆయన అంత్యక్రియలప్పుడు ఇదే ప్రెల్యూడ్‌ను ఆర్గన్ మీద వాయించారు. అలాంటి దాన్ని ఆపేసి, డప్పు మీద డప్పు పడే పాట పెట్టి, నాకు మంచి చేశాననుకుంటున్నాడు. నాకు మండేది ఆ మంచితనం చూసే.

అసలు మనకి ఏడిపించే కళ కొత్తా? హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను పద్యాలకి వన్స్‌మోర్ కొట్టిన జనం మనం. బిడ్డ శవం ముందు తల్లి ఏడుస్తుంటే మళ్లీ పాడమని అడిగారు మన తాతలు. మా ఆవిడ వాళ్ల తాతగారు, అంటే ఈ బావమరిదికి కూడా తాతగారే, ఆ పద్యాలు నోటికి పాడేవారట. భవభూతి ఏకంగా "ఏకో రసః కరుణ ఏవ" అన్నాడు, ఉన్న రసం ఒక్కటే, అది కరుణ అని. అంత పెద్ద వారసత్వం ఉన్నవాళ్లం ఇవాళ రెండు నిమిషాల పియానోకి భయపడుతున్నాం. ఎవరైనా కాస్త మనసు విప్పితే "ముఖారి అందుకున్నాడు" అని నవ్వుతాం.

ఇంకో వర్గం ఉంది. సభల్లో పక్క కుర్చీలోంచి పాఠం చెప్పే పెద్దలు. "గమకం లేని వాద్యంలో కరుణ ఎలా పలుకుతుందండీ?" అంటారు. పలుకుతుందండీ. ఒక్కసారి వినండి, ఆ తర్వాత చెప్పండి. పాశ్చాత్య సంగీతంలోని హార్మోనిక్ మైనర్ స్కేలు స్వరాలు మన కీరవాణి రాగానివే. నేచురల్ మైనర్ స్వరాలు నఠభైరవివి. మీ చెవికి అవేమీ పరాయివి కావు. గమకం లేని మాట నిజమే, వీణలోలా తీగ లాగి స్వరాన్ని ఊపడం కుదరదు. వయొలిన్ కమాను లాగినంతసేపు మోగుతుంది, వేణువు ఊపిరి ఉన్నంతసేపు మోగుతుంది. పియానోలో చిన్న సుత్తి తీగను తాకగానే స్వరం తగ్గడం మొదలవుతుంది. పెడల్ నొక్కి పట్టినా సరే, దాన్ని ఆపే దారి లేదు. వాయించేవాడికి మిగిలింది ఒక్కటే, ఎంత మెత్తగా తాకాలి, తగ్గిపోతున్న స్వరం పక్కన తర్వాతి స్వరాన్ని ఎప్పుడు పెట్టాలి. వాయిస్తున్నంతసేపూ చేతిలోంచి జారిపోతూనే ఉండే వాద్యం అది. దానికంటే బాగా దుఃఖం ఇంకేం చెబుతుంది?

ఇది నాకెలా తెలిసిందని అడుగుతారేమో. సంగీతం నేర్చుకుని కాదు. నాన్న పోయాక నిద్రపట్టని ఒక రాత్రి ఫోన్‌లో ఏదో చూస్తుంటే, దాని తర్వాత దానంతటదే ఫ్రాన్స్ సంగీతకర్త ఎరిక్ సాటీ పియానో మొదలైంది. 1888లో రాసిన మొదటి జిమ్నోపెడీ. నెమ్మదిగా, నొప్పితో వాయించమని పైన ఆయనే రాశాడు. ఆ తమాషా నాకు తర్వాత తెలిసింది, మొదట్లో అటూ ఇటూ ఊగే ఆ రెండు కార్డులూ మేజర్ కార్డులే. అంటే సంతోషానికి వాడతారని చెప్పుకునే వాటితోనే అంత దిగులు పుట్టించాడు. అక్కణ్ణుంచి షోపాన్, తర్వాత ఆస్ట్రియా సంగీతకర్త షూబర్ట్, ఆ తర్వాత మన కాలం వాళ్లు. జర్మనీలో నిల్స్ ఫ్రామ్ అని ఒకాయన ఉన్నాడు. రాత్రిపూట పక్కింటివాళ్లకి ఇబ్బంది కలగకూడదని పియానో తీగలకు ఫెల్ట్ గుడ్డ అడ్డంపెట్టి, మైకులు లోపలికి దగ్గరగా పెట్టి వాయించుకున్నాడు. 2011లో అదే ఆల్బమ్‌గా వచ్చింది. సుత్తులు కదిలే చప్పుడు కూడా వినిపిస్తుంది. పక్కింటివాళ్ల గురించి ఆలోచించే మనుషులున్నారు లోకంలో! మా అపార్ట్‌మెంట్‌లో పుట్టినరోజుకి అర్ధరాత్రి డీజే పెడితే కిటికీ అద్దాలు వణుకుతాయి, ఎవరూ ఏమీ అనరు. నేను హెడ్‌ఫోన్స్ మర్చిపోయి మామూలు సౌండ్‌తో పియానో పెడితే మాత్రం లిఫ్ట్‌లో "అంతా ఓకేనా సార్?" అని పరామర్శలు.

ఇక యాప్‌ల సంగతి. దిగులు పియానో కావాలని వెతికితే చాలు, "నిద్రకి", "చదువుకి", "రిలాక్స్ అవడానికి" అని లిస్టులు తెచ్చి ముందు పడేస్తాయి. వాన చప్పుడుకీ ఫ్యాన్ చప్పుడుకీ మధ్యలో సంగీతకర్త ఆర్వో పార్ట్ ఉంటాడు. ఆ ఎస్టోనియా మనిషి కొన్నేళ్లు దాదాపు ఏమీ రాయకుండా, తన దారి తాను వెతుక్కుని, 1976లో రాసిన చిన్న ముక్క ఫ్యూర్ అలీనా. అందులో ఎక్కువ స్వరాలు కూడా ఉండవు, ఒక్కటి తప్పుపడినా తెలిసిపోతుంది. నిద్రమాత్రలా మింగడానికి రాశాడా దాన్ని?

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది పియానో వాయించే సన్యాసిని ఎమహోయ్ త్సెగె మర్యమ్ గెబ్రు గారిని అలాంటి లిస్టులో చూడటం. ఇథియోపియాలో 1923లో పెద్దింట పుట్టిన ఆడపిల్ల. చిన్నప్పుడే స్విట్జర్లాండ్‌లో చదువు. ఇటలీ దండెత్తినప్పుడు కుటుంబంతోపాటు ఖైదు. తర్వాత లండన్‌లో సంగీతం చదివే అవకాశం వస్తే వెళ్లనివ్వలేదు. అన్నం మానేసి, చివరికి సన్యాసం తీసుకుని, కొండమీది మఠంలో చెప్పులు లేకుండా ఏళ్లు గడిపారు. 1967లో వచ్చిన మొదటి రికార్డు డబ్బులు అనాథ పిల్లలకిచ్చారు. ఆవిడ పియానోలో ఇథియోపియా పాట, చర్చి పాట, షోపాన్ కాలం యూరప్ అన్నీ కలిసి నడుస్తాయి. ఒక్కో వరుస నడుస్తూ నడుస్తూ మధ్యలో తడబడినట్టు ఆగి, మళ్లీ కదులుతుంది. 2023 మార్చిలో జెరూసలేంలో కన్నుమూశారు, 99 ఏళ్లు. అదే నెలలో జపాన్‌లో సంగీతకర్త ర్యుయిచి సకమొతో కూడా పోయారు. క్యాన్సర్‌తో ఉంటూ రోజువారీ డైరీలా రికార్డు చేసుకున్న వాటిలోంచి 12 తీసి, ఆ జనవరిలో తన పుట్టినరోజున విడుదల చేశారు. ఒక్కోదానికి పేరు లేదు, వాయించిన తేదీ మాత్రమే ఉంది. కొన్నిచోట్ల ఆయన ఊపిరి తీసుకోవడం వినబడుతుంది. ఒక మనిషి ఆఖరి రోజుల ఊపిరి అది. అలాంటి లిస్టుల్లో దాని తర్వాత రెండు నిమిషాల వాన చప్పుడా?

మా బావమరిదికి కూడా ఈ భయం ఊరికే రాలేదు, పెద్దల దగ్గర నేర్చుకున్నాడు. నాన్న పోయిన రోజు నన్ను ఏడవనివ్వలేదు ఎవ్వరూ. "మగాడివి, నువ్వే ఇలా అయిపోతే అమ్మ ఏమైపోవాలి?" అన్నారు. సరుకులు తెప్పించమన్నారు, పురోహితుడితో మాట్లాడమన్నారు, టెంట్ వాడికి డబ్బివ్వమన్నారు. పదకొండో రోజుకి నేను ఎంత గట్టివాణ్ణో అందరూ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు నాకింకా గుర్తుంది, క్షమించలేదు. ఆ రోజుల్లో నాకు దొరకని ఏడుపు తర్వాత దొరికింది ఈ పియానో దగ్గరే. నాకు జబ్బు చేసి ఇది వినడం లేదు. ఇది వినబట్టే మామూలుగా ఆఫీసుకి వెళ్లి, మామూలుగా నవ్వుతూ, మీ పెళ్లిళ్లకు బండి నడుపుకుంటూ వస్తున్నాను.

వచ్చే నెల నాన్న ఆబ్దికం. భోజనాలయ్యాక హాల్లో పెద్ద స్పీకర్ మీద షూబర్ట్ ఆఖరి సొనాటా పెడుతున్నాను, బి ఫ్లాట్‌ది. 1828 సెప్టెంబర్‌లో పూర్తి చేసి, నవంబర్‌లో 31 ఏళ్లకే పోయాడు. దాదాపు నలభై నిమిషాలు, నాలుగు భాగాలూ మొత్తం. మధ్యలో ఎవరూ ఫోన్ కనెక్ట్ చేయడానికి వీల్లేదు. ఏడవాలనిపించినవాళ్లు నా పక్కన కూర్చుని ఏడవచ్చు. ఇబ్బందిగా ఉన్నవాళ్లు భోజనం చేయగానే బయల్దేరొచ్చు, నేనేమీ అనుకోను.