లాగినా తెగని బెల్టు గారికి

మహారాజశ్రీ ఎర్ర వెల్వెట్ బెల్టు గారి సముఖమునకు, విజయవాడ సత్యనారాయణపురం నుంచి మీ మాజీ యజమాని రాయునది ఏమనగా. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆచారం. కానీ ఇక్కడ మిమ్మల్ని మెడలో వేసుకు తిరిగిన మా పిల్లి జున్ను క్షేమం, మీరేమో రెండు ముక్కలై అమ్మ గుండీల డబ్బాలో ఉన్నారు. కాబట్టి ప్రస్తుతానికి సగం కుశలోపరి.

మీరు నాకు అబద్ధమేమీ చెప్పలేదు. షాపతను మిమ్మల్ని కొక్కెం మీంచి తీసి, రెండు కొసలూ పట్టుకుని నా మొహం ముందు టప్ టప్ మని లాగి, "చూడండి సార్, ఎంత లాగినా తెగదు" అన్నాడు. నిజంగానే మీరు తెగలేదు. గొడవంతా అదే.

నా తప్పూ ఉంది. మా వంశంలో ఏ వస్తువైనా లాగి చూశాకే కొంటాం. బకెట్ కొంటే పిడి లాగుతాం, చీర కొంటే అంచు లాగుతాం, ప్లాస్టిక్ కుర్చీ కొనేటప్పుడు నాన్న షాపులోనే అందులో కూర్చుని రెండుసార్లు ఎగిరేవాడు. "గట్టిగా ఉందా?" అన్నదొక్కటే మాకు తెలిసిన పరీక్ష. అందులో మీకు నూటికి నూరు. పైగా 180 రూపాయలకే ఒంటినిండా తళతళలాడే రాళ్ళు, మధ్యలో చేప బొమ్మ, దాని కింద శనగగింజంత మువ్వ. మా అక్క పెళ్ళిలో వడ్డాణానికి కూడా అన్ని రాళ్ళు లేవు.

ఆ సాయంత్రం జున్నుకి మిమ్మల్ని తొడిగి పదకొండు ఫొటోలు తీశాను. పదింటిలో అది మొహం తిప్పుకుంది. పదకొండోది అపార్ట్‌మెంట్ గ్రూపులో పెడితే, సాక్షాత్తు లక్ష్మీదేవిలా ఉందన్నారు రెండో అంతస్తు ఆంటీ. ఇంగ్లీషులో మీ పేరు కాలర్. కాలర్ అంటే మనకు చొక్కాకి ఉండేది, గొప్ప పుట్టినప్పుడు ఎగరేసేది. ఆ రోజు బెల్టు వేసుకున్నది జున్ను, కాలర్ ఎగరేసింది నేను.

ఇంతకీ మిమ్మల్ని ఎవరి మెడ చూసి కుట్టారండీ? షాపులో గోడంతా కుక్క బెల్టులే, పిల్లులకు మూలన ఒక్క కొక్కెం. కుక్క బెల్టుకే కొలత తగ్గించి, చేప బొమ్మ కుట్టి, పిల్లిది అని పేరు పెట్టినట్టున్నారు. కుక్క బెల్టుకు తాడుంటుంది, తాడు అవతలి కొసన మనిషి ఉంటాడు. తెగితే కుక్క రోడ్డు మీదికి ఉరుకుతుంది కాబట్టి అది గట్టిగానే ఉండాలి. మరి జున్నుకి అవతలి కొసన ఎవరుంటారు? కిటికీ గ్రిల్లు, పావురాల వల, పక్కింటి జామకొమ్మ. ఎక్కడో కొక్కేనికి తగులుకుంటే కుక్కయితే నేల మీద నిలబడి అరుస్తుంది. పిల్లి వేలాడుతుంది.

ఇంకో సంగతి. పిల్లికి కాలర్ బోన్, అంటే మెడ కింది ఎముక, మనకున్నట్టు భుజానికి అతుక్కుని ఉండదు, కండలో తేలుతూ ఉంటుంది. తల పట్టిన సందులో ఒళ్ళంతా జారిపోయేది అందుకే. బాల్కనీ గ్రిల్లులోంచి జున్ను నీళ్ళలా జారడం నేను రోజూ చూస్తాను. ఆ దారిలో దానితోపాటు జారలేనిది మీరొక్కరే.

మువ్వ మాత్రం అమ్మ కోరిక. పాలగిన్నె దగ్గరికి పిల్లి వస్తే తెలియాలిగా అంది. పిల్లి మెడలో గంట కట్టేదెవరు అన్నచోటే ఎలుకల సభ ముగిసిపోయింది, కట్టాక ఏమవుతుందని ఒక్క ఎలుకా అడగలేదు. నేను చెబుతాను. వారం తిరిగేసరికి జున్ను మువ్వ మోగకుండా నడవడం నేర్చుకుంది. తిండి వేళకు మాత్రం గజ్జెల గుర్రంలా వచ్చేది. శబ్దం కీచుదనం 20 వేల హెర్ట్జ్ దాటితే మన చెవికి ఏమీ వినపడదు, పిల్లికి 60 వేలు దాటినా వినపడుతుంది. అలాంటి చెవుల కింద, గడ్డానికి అంగుళం దూరంలో, రాత్రింబవళ్ళు మోగేది కట్టి ముద్దుగా ఉందనుకున్నాం.

పోనీ పక్షులైనా బతికాయా అంటే, గంట కడితే వేట కొంత తగ్గుతుందని కొన్ని పరిశోధనలున్నాయి. 2021లో ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్ళేమో గంటలతో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదన్నారు. మాంసం ఎక్కువున్న తిండి పెడితే ఇంటికి మోసుకొచ్చే వేట 36 శాతం తగ్గిందట, రోజూ 5 నుంచి 10 నిమిషాలు ఆడిస్తే 25 శాతం తగ్గిందట. ఇది చదివి వినిపిస్తే, "పెరుగన్నం గురించి ఏమైనా రాశారా?" అంది అమ్మ. రాయలేదు.

ఇక ఆ రోజు సంగతికి వస్తాను. మీకు గుర్తుండే ఉంటుంది, నా చేతులకు ఇంకా గుర్తుంది.

బిగుతైతే పాపం ఊపిరాడదేమోనని మిమ్మల్ని ఆఖరి బెజ్జానికి పెట్టాను. నాలుగు వేళ్ళు దూరేంత వదులు. పొద్దున్న ఏడున్నరకి జున్ను సోఫా మీద కూర్చుని ఛాతీ నాక్కుంటోంది. ఎలా పోయిందో, కింది దవడ మీ లోపలికి పోయింది. కళ్ళెం వేసిన గుర్రంలా నోరు తెరుచుకుపోయింది, మూద్దామంటే మూతపడదు. అది అరవలేదు. వెనక్కి నడవడం మొదలుపెట్టింది. టీపాయ్‌కి తగిలి, గోడకి తగిలి, కుండీకి తగిలి, వెనక్కి వెనక్కి. నోట్లోంచి తీగలా సొంగ. ఇన్నాళ్ళూ మోగని మువ్వ ఆగకుండా మోగుతోంది.

అమ్మ పాత తువ్వాలు దాని మీద వేసి ఒడిసిపట్టింది. నేను మీ బకిల్ వెతికాను. కందిగింజంత ముల్లు, దాని చుట్టూ మెలిపడిన బొచ్చు, వణుకుతున్న నా వేళ్ళు. రాలేదు. అమ్మ కుట్టుమిషన్ మీది కత్తెర తెమ్మంది. మీకూ దాని మెడకీ మధ్య నా చూపుడువేలు అడ్డం పెట్టి కోశాను. పైన వెల్వెట్ మొదటి కాటుకే తెగింది, లోపలి నైలాన్ పట్టీ తెగలేదు. రెండో కాటుకీ తెగలేదు. మూడోసారికి ఊడిపడ్డారు. జున్ను బీరువా మీదికెక్కి సాయంత్రం దాకా దిగలేదు. నెత్తురు కారుతున్న నా వేలికి కట్టుకడుతూ అమ్మ అంది, "పాపం షాపతను నిజమే చెప్పాడురా!"

డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి బెల్టు వదులుగానే పెట్టానండీ అని గర్వంగా చెప్పాను. ఆయన జున్నుని కాదు, నన్ను చూశారు. మెడకీ బెల్టుకీ మధ్య ఒక వేలు దూరితే చాలు, మహా అయితే రెండు. అంతకంటే వదులైతే దవడ ఇరుక్కుంటుంది, లేదా ముందుకాలు దూరుతుంది. కాలు దూరిన పిల్లి నాలుగు రోజులు ఇంటికి రాకపోతే చంక కింద ఒరుసుకుని, పుండై, పట్టీ చర్మంలోకి దిగుతుందట. మరి ఎలాస్టిక్ అయితేనో అన్నాను. తల బయటికి రావడానికి సాగేది కాలు లోపలికి పోవడానికీ సాగుతుంది కదా అన్నారు. పిల్ల పిల్లులకైతే మెడ పెరుగుతూ ఉంటుంది, రెండు మూడు రోజులకోసారి వేలు పెట్టి చూడాల్సిందే.

అసలు ఈ బెల్టుల గోలే వద్దు అనుకున్నాను. కానీ అమెరికాలో 538 పిల్లులకు బెల్టులు కట్టి 6 నెలలు చూసిన పరిశోధన ఒకటి 2010లో అచ్చయింది. 391 పిల్లులు చివరిదాకా వేసుకునే తిరిగాయట. నోరో కాలో బెల్టులో ఇరుక్కున్నవీ, బెల్టు దేనికో తగులుకున్నవీ కలిపి 18. మా జున్నుని పంతొమ్మిదోదిగా రాసుకోమనండి. దారి తప్పిన పిల్లిని ఇది ఫలానా వాళ్ళదని గుర్తుపట్టాలంటే మెడలో ఏదో ఒకటి ఉండాలి. చర్మం కింద బియ్యపుగింజంత చిప్పు కూడా వేయించాను. ఇంగ్లండులో 2024 జూన్ 10 నుంచి 20 వారాలు దాటిన పెంపుడు పిల్లులకు అది తప్పనిసరి చేశారు. "అయితే ఎక్కడుందో ఫోన్లో కనపడుతుందా?" అని రెండో అంతస్తు ఆంటీ అడిగారు. కనపడదండీ, అందులో ఉండేది 15 అంకెల నంబరొక్కటే, రీడరు పెడితేనే బయటపడుతుంది. ఆవిడ మొహం చిన్నబోయింది.

తర్వాత మళ్ళీ మీ పుట్టింటికే వెళ్ళాను.

"లాగితే ఊడిపోయే బెల్టు ఉందా?"

"గట్టివే ఉంటాయి సార్ మన దగ్గర. నమ్మకంగా తీసుకెళ్ళండి."

"గట్టిది వద్దు. ఊడిపోవాలి."

"ఊడిపోతే మళ్ళీ కొనాలి కదా సార్?"

"అవును."

ఆయన వ్యాపార జీవితంలో ఇలాంటి బేరం తగిలి ఉండదు. ముందు ఎలాస్టిక్‌ది చూపించాడు. తర్వాత పేలు, పిడుదులు రాకుండా ఉండే కుక్క బెల్టు తీసి, కత్తిరించి పిల్లికి పెట్టుకోవచ్చన్నాడు. అక్కడ మాత్రం నాకు నవ్వు రాలేదు. కుక్కల పేల మందులు కొన్నింటిలో ఉండే పెర్మెత్రిన్ పిల్లికి విషం. వణుకు పుడుతుంది, ఫిట్స్ వస్తాయి, ప్రాణమే పోవచ్చు. కొలత కత్తిరిస్తే మందు మారదు. ఆ ముక్క చెప్పి వచ్చేశాను.

చివరికి ఆన్‌లైన్‌లో మూడు తెప్పించాను. వాటిని బ్రేక్‌అవే అంటారు, బరువు పడితే క్లిప్పు దానంతటదే విడిపోవాలి. మూడింటి అట్ట మీదా సేఫ్టీ అనే రాసి ఉంది. మా వంశాచారం ప్రకారం పరీక్ష పెట్టాను, ఈసారి తిరగేసి. జున్ను మూడున్నర కిలోలు. కిలో కందిపప్పు ప్యాకెట్లు రెండు సంచిలో వేసి, వంటింటి తలుపు గడియకు బెల్టూ బెల్టుకు సంచీ తగిలించాను. మొదటిది స్కూలు బ్యాగు క్లిప్పే, గుంజి గుంజి లాగినా కదల్లేదు. మీకు వరసకు తమ్ముడవుతాడు. రెండోది సంచి తగిలించకముందే నా చేతిలో ఊడింది. మూడోదానికి సంచి పెట్టి చిన్నగా ఒక్క కుదుపు ఇచ్చాను. టక్! సంచి నేల మీద పడింది, ఒక ప్యాకెట్ పగిలింది, వంటిల్లంతా కందిపప్పు. నేను ఎగిరి గంతేశాను.

అమ్మ గుమ్మంలో నిలబడి పప్పుని చూసింది, నన్ను చూసింది. "ఏడవాలా నవ్వాలా చెప్పు నాయనా, అది చేస్తాను."

ఆ నీలం బెల్టే ఇప్పుడు జున్ను మెడలో ఉంది. చిటికెనవేలి గోరంత వెడల్పు, రాళ్ళు లేవు, చేప లేదు, వేలాడే బిళ్ళ లేదు. నా ఫోన్ నంబరు అమ్మ తెల్ల దారంతో దాని మీదే కుట్టింది. 9 కాస్తా 6లా వచ్చింది, మళ్ళీ విప్పి కుట్టింది. పదో రోజున బెల్టు పోయింది. ఇల్లంతా, మెట్లన్నీ వెతికాక పక్కింటి జామచెట్టు మీద కనపడింది. ఎండుకొమ్మకు తగులుకుని, క్లిప్పు విడిపోయి, గాలికి ఊగుతోంది. వట్టి బెల్టు. జున్ను కింద ప్రహరీగోడ మీద కూర్చుని కాలు నాక్కుంటోంది.

"పిల్లి శాపాలకు ఉట్టి తెగదంటారు, ఇదెలా తెగిందిరా?"

"తెగలేదమ్మా, ఊడింది."

దోటీతో తీసి, దుమ్ము దులిపి మళ్ళీ పెట్టాను. ఒక వేలు దూరింది.

ఇట్లు,
వేలికి కట్టుతో,
జున్ను వాళ్ళ మనిషి

తా.క.: మీ మువ్వ వృథా పోలేదు. అమ్మ తన తాళాల గుత్తికి కట్టుకుంది. ఇప్పుడు ఆవిడ వంటింటి వైపు బయల్దేరగానే జున్నుకి తెలిసిపోతోంది. నిన్న పాలగిన్నె దగ్గర చేతికి చిక్కలేదు.