దంతాలకు పదవీ విరమణ

లావెక్కడం తినేవాడి తప్పేనని తేల్చేసినందుకు ఆహార పరిశ్రమకు మనమంతా రుణపడి ఉండాలి. నేరమంతా నోరు కట్టుకోలేని మనిషిది. ప్యాకెట్ పాపం నోరులేనిది. చింపుకోవడానికి వీలుగా ఓ మూల చిన్న గాటు ఉంటుంది, అంతే.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో పనిచేసిన కెవిన్ హాల్ మాత్రం ఈ తీర్పుతో ఊరుకోలేదు. 2019లో అచ్చయిన అధ్యయనం కోసం ఆయన బృందం 20 మందిని నాలుగు వారాలు వార్డులోనే ఉంచి భోజనం పెట్టింది. రెండు వారాలు అతిగా ప్రాసెస్ చేసిన తిండి, అంటే ఇంటి వంటలో వాడని పదార్థాలు కలిపి ఫ్యాక్టరీలో తయారయ్యే సరుకు; రెండు వారాలు మామూలు వంట. వడ్డించిన దాంట్లో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు రెండింట్లోనూ సమానంగా ఉండేలా చూసి, ఎంత కావాలంటే అంత తినమన్నారు. ప్రాసెస్డ్ తిండి వారాల్లో వాళ్ళు రోజుకు 500 కేలరీల దాకా ఎక్కువ లాగించి, సగటున 0.9 కిలో పెరిగారు. మామూలు వంట వారాల్లో దాదాపు అంతే తగ్గారు. అంటే సంకల్పబలం అనేది రెండు వారాల పాటు మనిషిని వదిలేసి షికారుకెళ్ళి వస్తుందన్నమాట! ఇలాంటి చపలచిత్తాన్ని నమ్ముకుని డైటింగ్ చేయమంటున్నారు మనల్ని.

ఇంకో సంగతి. ప్రాసెస్డ్ తిండిని వాళ్ళు గబగబా తినేశారు. కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరాలంటే కాస్త టైమ్ పడుతుంది. అది బయల్దేరేలోపే ప్యాకెట్ ఖాళీ. నోట్లో వేసుకోగానే కరిగిపోయే సరుకు తయారు చేసి, కంపెనీలు దంతాలకు పదవీ విరమణ ఇప్పించాయి. పింఛను నడుం దగ్గర జమవుతోంది.

ప్యాకెట్ ముందువైపు బంగారు రంగు గోధుమ వెన్ను బొమ్మ. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థపు పొడి, పాలీసార్బేట్ 80, కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్. చివరి రెండూ నూనె, నీరు విడిపోకుండా కలిపి ఉంచుతాయి. ఇంత సామరస్యం కోరుకునే పదార్థాలు ఎలుకల పేగుల్లో మాత్రం బ్యాక్టీరియాను రెచ్చగొట్టి, వాపు తెప్పించి, ఒంట్లో కొవ్వు పెంచాయని 2015లో తేలింది. మరుసటి ఏడు పెద్దపేగులో కణితులు పెరగడమూ ఎలుకల్లోనే చూశారు. మనుషులు ఎలుకలు కారు కదా అంటారు. ఒప్పుకోవాల్సిందే. ఎలుకలకు లేబుల్ చదవడం రాదు. మనకు వచ్చినా చదవం.

ఇక మగవాళ్ళకు శుభవార్త. ఇన్నాళ్ళకు వాళ్ళకు ఒక రంగంలో స్పష్టమైన ఆధిక్యం దొరికింది. రెండు లక్షల మందికి పైగా అమెరికన్ ఆరోగ్య ఉద్యోగుల్ని రెండు దశాబ్దాలకు మించి గమనించిన అధ్యయనం 2022లో వెలువడింది. అతిగా ప్రాసెస్ చేసిన తిండి అందరికంటే ఎక్కువ తిన్న మగవాళ్ళలో, అతి తక్కువ తిన్నవాళ్ళతో పోలిస్తే పెద్దపేగు, పురీషనాళ క్యాన్సర్ ముప్పు 29 శాతం ఎక్కువగా కనిపించింది. ఆడవాళ్ళలో మొత్తం మీద అలాంటి తేడా కనబడలేదు. ఒంటి బరువును లెక్కలోకి తీసుకున్నాక కూడా మగవాళ్ళ ముప్పు తగ్గిపోలేదు. లావు వల్ల వచ్చే ముప్పు ఎలాగూ ఉండనే ఉంది, ఇది దానికి బోనస్.

ఇది సంబంధమే గానీ కారణమని రుజువు కాలేదు, మరిన్ని పరిశోధనలు జరగాలి అంటుంది పరిశ్రమ. మొదటి ముక్క నిజమే. పరిశోధనలూ జరుగుతాయి. ఈలోగా మరో ఆరు ఫ్లేవర్లు వస్తాయి.

సాసేజ్, బేకన్ లాంటి ప్రాసెస్ చేసిన మాంసం విషయంలో మాత్రం ఆ మాట చెల్లదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లోనే దాన్ని మొదటి గ్రూపులో, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తాయని రుజువైన, పొగాకు ఉన్న జాబితాలో చేర్చింది. రుజువు అంత గట్టిదని అర్థం, ప్రమాదం సిగరెట్టంత అని కాదు. రోజూ తినే ప్రతి 50 గ్రాములకూ పెద్దపేగు, పురీషనాళ క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని వాళ్ళ లెక్క. ఈ ఇరుగుపొరుగు కొత్తదేం కాదు లెండి. సిగరెట్లమ్మే ఫిలిప్ మోరిస్ 1985లో జనరల్ ఫుడ్స్‌ను, 1988లో క్రాఫ్ట్‌ను కొనేసింది. ఒకసారి మొదలెట్టిన మనిషి మానకుండా ఎలా చూసుకోవాలో తెలిసిన సంస్థకు బిస్కెట్లు, చీజ్ అమ్మడానికి వేరే ట్రైనింగ్ ఎందుకు?