బోర్డుతో పాటు ఊరికే వచ్చే లోగో

తగవు చిన్నదే. విశాఖ ఎంవీపీ కాలనీలో ఉన్న ఒక నేతి మిఠాయిల కొట్టు గాజువాకలో రెండో కొట్టు తెరుస్తోంది. బోర్డు, డబ్బాలు, సంచులు, కార్డులు అన్నీ కావాలి. తిన్నగా ఫ్లెక్సు షాపుకి వెళ్తే డిజైను ఊరికే వస్తుంది. ముందు డిజైన్ స్టూడియోకి వెళ్తే దానికి వేరే బిల్లు. ఏది మేలని ఆ ఇద్దరినే వాదించుకోనిద్దాం. రాసినవాళ్ళ మొగ్గు ఎటో దాచడం లేదు, చదువుతుంటే తెలిసిపోతుంది.

ప్రింటరు: ఏటమ్మా, ఒక మిఠాయి కొట్టు పేరు రాయడానికి మూడు వారాలా? మా దగ్గర పొద్దున్న ఆర్డరిస్తే రాత్రికి బోర్డు ఎక్కేస్తాది. కోరల్ సాఫ్ట్‌వేర్లో పేరు కొడతాం, పక్కన లడ్డూ, పైన దేవుడు, కింద ఫోను నంబరు. డిజైనుకి పైసా తీసుకోం.

డిజైనరు: చదరపు అడుగు రేటులో కలిపేసుకుంటారు బాబాయ్, అది వేరే సంగతి. ఆ లోగో రేపు డబ్బాలు కొట్టేవాడికి కావాలంటే ఏం ఇస్తారు?

ప్రింటరు: వాట్సాప్‌లో పెడతాం. జేపెగ్ ఫొటో.

డిజైనరు: తంటా అక్కడే మొదలవుతుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది బొమ్మని కుదించేస్తుంది, పొడుగు వైపు సుమారు 1600 పిక్సెళ్ళు మిగులుతాయి. ఫ్లెక్సీని దూరం నుంచి చూస్తాం కాబట్టి అంగుళానికి 72 చుక్కలున్నా సరిపోతుంది. డబ్బా చేతిలో పట్టుకుని చూసేది, దానికి 300 కావాలి. 1600ని 300తో భాగిస్తే అయిదున్నర అంగుళాలు కూడా రాదు. కిలో డబ్బా మూత అంతకంటే పెద్దది. వాడు సాగదీస్తాడు, అంచులు మసకబారతాయి, చూసి చూసి తన కంప్యూటర్లో మళ్ళీ గీసుకుంటాడు. సంచులవాడు ఇంకోసారి గీస్తాడు. ఏడాది తిరిగేసరికి ఒకే కొట్టుకి నాలుగు రకాల లడ్డూలు, మూడు రకాల ఎరుపులు. వెక్టర్ ఫైలు, అంటే చుక్కలుగా కాక గీతలుగా దాచిన ఫైలు, ఒకటుంటే విజిటింగ్ కార్డు మీదకైనా, ఇరవై అడుగుల బోర్డుకైనా గీత చెదరదు. ఆ ఫైలు యజమాని చేతికి ఇచ్చారా ఎప్పుడైనా?

ప్రింటరు: అడిగితే ఇస్తాం. అడగరు.

డిజైనరు: అడగాలని వాళ్ళకి తెలీదు.

ప్రింటరు: సరే, ఇప్పుడు నా మాట విను. మీరు కంప్యూటర్లో తెల్లటి గోడ మీద, నీడతో సహా, బోర్డు అతికించి చూపిస్తారు. గాజువాకలో తెల్లగోడ ఎక్కడుందమ్మా? ఒక పక్క మొబైల్ షాపు, ఇంకో పక్క మందుల కొట్టు, పైన కోచింగ్ సెంటరు ఫ్లెక్సీ, ముందర కరెంటు తీగలు. మీరు సన్నటి అక్షరాలతో, లేత బూడిద రంగులో, ఇంగ్లీషులో పేరు పెడతారు. బస్సులోంచి చూసేవాడికి అది కొట్టో బ్యాంకో తెలీదు. మళ్ళీ మా దగ్గరికే వస్తారు, ‘కాస్త లావు చేసి కొట్టవయ్యా’ అని. రాత్రి పదింటికి ఫోను నాకు వస్తాది, నీకు కాదు.

(ఇది గట్టి దెబ్బ. బోర్డు ఎక్కే గోడని ఒక్కసారైనా రోడ్డు అవతల నిలబడి చూడకుండా లోగో గీసేవాళ్ళు ఊళ్ళో తక్కువేం లేరు.)

డిజైనరు: అది ఒప్పుకుంటాను బాబాయ్. గోడ చూడకుండా గీసింది లోగో కాదు. కానీ లావు చేస్తే చదవగలరా? లెక్క చూడండి. పది అడుగుల దూరానికి అంగుళం అక్షరం, బోర్డులు చేసేవాళ్ళంతా వాడే కొలత. రోడ్డు అవతల నుంచి వంద అడుగులంటే పది అంగుళాలు. ఇంగ్లీషు పెద్దక్షరాలైతే పది అంగుళాల్లోనే అయిపోతుంది. తెలుగు అలా కాదు. ‘స్వీట్స్’ రాయండి. కింద రెండు ఒత్తులు, పైన గుడిదీర్ఘం, పొల్లు. అక్షరం ఒళ్ళు పది అంగుళాలుండాలంటే మొత్తం వరుసకి ఇరవై దాకా కావాలి. మీ బోర్డు ఎత్తు మూడు అడుగులు, ముప్ఫై ఆరు అంగుళాలు. పైన దేవుడు, కింద రెండు ఫోను నంబర్లు, ‘మా వద్ద ఆర్డర్లపై’ అంటూ రెండు వరుసలు, అటూ ఇటూ జిలేబీ ఫొటోలు. పేరుకి మిగిలేది పన్నెండు అంగుళాలు, అందులో ఒళ్ళు ఆరు. అరవై అడుగుల నుంచి చదవొచ్చు, అవతలి వైపు నుంచి చదవలేరు. అక్షరం లావు చేస్తే లోపలి ఖాళీలు పూడుకుపోయి ఇంకా అధ్వాన్నం. ఏం తీసెయ్యాలో చెప్పడమే నా పని. ఫోను నంబరు తీసెయ్యాలి. రోడ్డు మీద బోర్డు చూసి ఫోను చేసి మిఠాయి కొనేవాడు ఎవడు? అది సంచి మీద ఉండాలి.

ప్రింటరు: దేవుణ్ణి కూడా తీసెయ్యమంటావా? మొన్నొకాయన అదే మాటకి స్టూడియోవాళ్ళని పొమ్మన్నాడు.

డిజైనరు: కొట్టులో గల్లాపెట్టె మీద దేవుడు ఉండనివ్వండి, ఎవరొద్దన్నారు. డబ్బా మీద మాత్రం వద్దు. తిన్నాక అది వెళ్ళేది చెత్తబుట్టలోకి. ఈ మాట చెబితే పెద్దవాళ్ళే ముందు ఒప్పుకుంటారు.

ప్రింటరు: అది మాత్రం నిజమే. కానీ పేరు సంగతి? ఊళ్ళో సగం కొట్లకి వేంకటేశ్వరుడి పేరే. నువ్వెంత అందంగా గీసినా పక్కవీధిలో ఇంకొకడు అదే పేరు పెడతాడు.

డిజైనరు: అందుకే గీత విలువ. అంతమంది వాడే దేవుడి పేరుని ట్రేడ్‌మార్కుగా పట్టుకోవడం కష్టం, రాసిన తీరుని, బొమ్మని పట్టుకోవచ్చు. చిన్న వ్యాపారికి ఆన్‌లైన్‌లో ఒక్కో సరుకు తరగతికి 4,500 రూపాయల ఫీజు. మిఠాయిలు 30వ తరగతి. రిజిస్టరైతే పదేళ్ళు, తర్వాత మళ్ళీ పొడిగించుకోవచ్చు. అదే కాన్వా అనే డిజైను యాప్‌లో ఉన్న లడ్డూ బొమ్మని తెచ్చి పెట్టారనుకోండి, అది అందరికీ ఇచ్చిన బొమ్మ, దాన్ని మీ ఒక్కరిదని రిజిస్టర్ చేసుకోలేరు. మీ కుర్రాడు గూగుల్‌లోంచి దింపినదైతే ఎవరిదో కూడా తెలీదు.

ప్రింటరు: ఆహా. మరి నువ్వు గీసింది ఎవరిది? డబ్బు కట్టాడు కాబట్టి కొట్టు యజమానిదా?

డిజైనరు: ...కాదు. బయటి డిజైనరు గీస్తే, వేరే ఒప్పందం లేకపోతే కాపీరైట్ గీసినవాళ్ళదే. 1957 చట్టం 19వ సెక్షన్ ప్రకారం బదిలీ రాతలో, సంతకంతో ఉండాలి. గడువు రాయకపోతే అయిదేళ్ళే అనుకుంటారు, ప్రాంతం రాయకపోతే మన దేశం వరకే.

ప్రింటరు: ఎంతమంది స్టూడియోవాళ్ళు ఆ కాగితం రాసిస్తన్నారు?

డిజైనరు: తక్కువమంది. ఆఖరి బిల్లుతో పాటు ఇవ్వాల్సిన కాగితం అది. ఇవ్వకపోతే యజమాని అడిగి తీసుకోవాలి.

ప్రింటరు: అంటే నా జేపెగ్ తప్పే, నీ ఫైలూ తప్పే. ఇంకొకటి. మీ తెలుగు మా కంప్యూటర్లో తెరిస్తే ఒత్తులన్నీ పక్కకొచ్చి పడతాయి. మాకు ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లే గతి. ముప్ఫై ఏళ్ళ నుంచి తెలుగు అచ్చంతా దాని మీదే నడిచింది.

డిజైనరు: అందుకే శ్రీకాకుళం నుంచి తుని దాకా బోర్డులన్నీ ఒక్క చేత్తో రాసినట్టుంటాయి. పైగా అను అక్షరాలు యూనికోడ్‌లో, అంటే ఏ ఫోనైనా కంప్యూటరైనా చదవగలిగే పద్ధతిలో, ఉండవు. బోర్డు మీద బాగుంటాయి, అదే ముక్క తీసి వాట్సాప్ కేటలాగులోనో మ్యాప్‌లోనో అతికిస్తే పిచ్చి ఇంగ్లీషు గుర్తులు వస్తాయి. రామభద్ర, మండలి, ధూర్జటి, అనేక్ తెలుగు లాంటి యూనికోడ్ ఫాంట్లు ఊరికే దొరుకుతున్నాయి.

ప్రింటరు: దొరుకుతాయి, ఫోనులో చదువుకోడానికి. బోర్డుకి పనికొచ్చే లావుపాటి, వంపులున్న అక్షరం వాటిలో ఎన్ని? అనులో డజన్లు.

డిజైనరు: రామభద్ర లావుగా లేదా? రవిప్రకాష్ చూశారా?

ప్రింటరు: ఒకటి రెండు ఉంటే సరా? పెళ్ళి కార్డు కొట్టిచూడు, తెలుస్తాది.

డిజైనరు: పెళ్ళి కార్డుల మాట ఎందుకొచ్చింది బాబాయ్! ఒత్తులు చెదరడానికి కారణం ఫాంటు కాదు. పాత కోరల్‌కి యూనికోడ్ తెలుగు కూర్చడం రాదు. మేం వాడే ఇల్లస్ట్రేటర్ సాఫ్ట్‌వేర్లోనైతే వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు పెట్టాలి, లేకపోతే అక్కడా అంతే. అసలు మీకు అక్షరాలే పంపకూడదు, కర్వ్స్‌గా, అంటే ఫాంటు అవసరంలేని గీతలుగా, మార్చి పంపాలి. అలా పంపని డిజైనరుది తప్పు, మీది కాదు.

ప్రింటరు: అమ్మయ్య, ఒకటైనా నాది కాదు. పోనీ మా ఫ్లెక్సీ బతుకు కూడా చెప్పు. 2022 ఆగస్టులో బీచ్ శుభ్రం చేసిన రోజే ఇక్కడే నిషేధం ప్రకటించారు. మిషన్ల మీద అప్పులు మావి. డిజైన్ని ఎవరు నిషేధిస్తారు?

డిజైనరు: ఆ భయం న్యాయమైనదే. కానీ కొట్టు పేరుకి ఫ్లెక్సీ మొదట్నుంచీ సరైన సరుకు కాదు. ఎండకి ముందు మాసేవి పసుపు, మెజెంటా ఇంకులు. మిఠాయి కొట్టు ఎరుపంతా ఆ రెండిటి కలయికే. అందుకే ఎర్ర బోర్డు రెండు వేసవులకి వెలిసిపోతుంది. ఎరుపుని ప్రింటు చెయ్యకండి, రంగు వినైల్ షీటుని కోసి అతికించండి. ఏసీపీ అనే అల్యూమినియం షీటు మీద విడి అక్రిలిక్ అక్షరాలు పెట్టండి. ఫ్రేముకి మామూలు ఇనుము వద్దు, సముద్రపు ఉప్పుగాలికి వెల్డింగుల దగ్గర తుప్పు దిగి గోడంతా చారలు కడుతుంది. గాల్వనైజ్డ్ పైపు వాడి, వెల్డింగు చేసిన చోట జింకు ప్రైమరు కొట్టాలి. బీచ్ రోడ్డు పక్కనైతే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కూడా మరకలు పడుతుంది, 316 తీసుకోవాలి. ఎల్‌ఈడీ మాడ్యూళ్ళు నీళ్ళు చొరబడని ఐపీ67 రకానివి, వాటికి కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్ మాత్రం కొట్టు లోపల. వానకి ముందు పోయేది అదే. విడి అక్షరాల మధ్య నుంచి గాలి పోతుంది, పెద్ద ఫ్లెక్సీ ఫ్రేము తెరచాపలా పట్టుకుంటుంది. హుద్‌హుద్ తుపాను నాడు ఈ ఊరు చూసింది కదా. ఈ పనంతా మీరే చెయ్యొచ్చు, మీ మజూరీ కూడా పెరుగుతుంది.

ప్రింటరు: డబ్బాల సంగతి?

డిజైనరు: లోగో రెండు రంగులు దాటకూడదు. సంచికి స్క్రీన్ ప్రింటింగు, రంగుకొక స్క్రీను. రేపు మిక్చరు పౌచులు గ్రావ్యూర్ అచ్చులో కొట్టిస్తే రంగుకొక సిలిండరు, దాని ఖర్చు ముందే కట్టాలి. రంగులోంచి రంగులోకి కరిగిపోయే లోగో స్క్రీను మీద చుక్కచుక్కలవుతుంది. సీలేసిన పాకెట్టైతే ఆహార భద్రతవాళ్ళిచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, చతురస్రంలో పచ్చ చుక్క, నికర బరువు, ఎమ్మార్పీ, తయారీ తేదీ తప్పవు. అవి ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండాలి, తెలుగు దానికి అదనం. వీటికి చోటు ముందే వదలకపోతే ఆఖర్న మీరు స్టిక్కరేసి లోగో మీదే అతికిస్తారు.

ప్రింటరు: అతికించాం కూడా. ఇంతకీ ముప్ఫై పేజీల గైడ్‌లైన్సు పుస్తకం పంపుతావా? మా కుర్రాడు తెరవడు, ముందే చెప్తన్నాను.

డిజైనరు: ఒక్క పేజీ పంపుతాను. వినైల్ షేడు నంబరు, నాలుగు అచ్చు రంగుల పాళ్ళు చెప్పే సీఎంవైకే అంకెలు, లోగో ఎంతకంటే చిన్నది కాకూడదో మిల్లీమీటర్లలో, నలుపు ఒక్క రంగులో కొట్టాల్సిన రూపం. చిన్న అక్షరాలు మాత్రం నలుపు ఒక్క ప్లేటులోనే ఉండాలి. నాలుగు రంగులు కలిపిన నలుపైతే ప్లేటు వెంట్రుకవాసి జరిగినా అంచుకి రంగు చార కనిపిస్తుంది. బోర్డు కోసే ముందు అదే వినైల్ మీద, అదే లైటు పెట్టి, ఒక అడుగు ముక్క చేసి రాత్రిపూట చూడాలి.

ప్రింటరు: ఆ ముక్కకి డబ్బులెవరిస్తారు?

డిజైనరు: నా బిల్లులో రాయండి.

ప్రింటరు: అయితే లైటు కూడా నీ బిల్లులోనే. ఫైలు మాత్రం పాత వెర్షన్‌లో సేవ్ చేసి పంపమ్మా, మాది ఇంకా అదే.