సవరణ: కిప్చోగే వారపు శిక్షణలో దూరం, వేగం

అగ్రశ్రేణి మారథాన్ పరుగువీరుల శిక్షణ గురించిన మునుపటి టపాలో, ఎలియుడ్ కిప్చోగే వారానికి 200 కిలోమీటర్లకు పైగా పోటీ వేగంతోనే పరుగెత్తుతాడన్న వాక్యం ఉంది. దూరం సరైనదే, సవరించవలసింది వేగం. ఆ వాక్యాన్ని "వారానికి 200 నుంచి 220 కిలోమీటర్లు, అందులో అధికభాగం తేలిక వేగంతో" అని చదువుకోగలరు.

కెన్యాలో సుమారు 2,400 మీటర్ల ఎత్తున ఉన్న కప్టగట్ శిబిరంలో, కోచ్ పాట్రిక్ సాంగ్ పర్యవేక్షణలో ఏళ్ల తరబడి సాగిన పద్ధతిలో గట్టి రోజులు మూడే: మంగళవారం ట్రాక్‌పై మధ్యమధ్య విరామాలతో వేగపు పరుగులు, గురువారం 30 లేదా 40 కిలోమీటర్ల సుదీర్ఘ పరుగు, శనివారం వేగం పెంచుతూ తగ్గిస్తూ సాగే ఫార్ట్‌లెక్. చిత్రీకరణల్లో ఎక్కువగా కనిపించేవి ఈ మూడే కావడం వల్ల కాబోలు, మిగతా రోజులూ అలాగే ఉంటాయని చాలామంది అనుకుంటారు. నిజానికి తేలిక రోజున ఎర్రమట్టి దారిపై జట్టు బయలుదేరినప్పుడు తొలి కిలోమీటరుకు ఐదు నిమిషాలు దాటవచ్చు; ఒళ్లు వేడెక్కే కొద్దీ అది నాలుగు నిమిషాల దగ్గరికి వస్తుంది. 2022 బెర్లిన్ మారథాన్‌ను 2 గంటల 1 నిమిషం 9 సెకన్లలో ముగించినప్పుడు కిప్చోగేకు కిలోమీటరుకు పట్టింది సగటున 2 నిమిషాల 52 సెకన్లు.

ఈ లెక్కను అందరికీ వర్తింపజేయరాదు. 2023లో షికాగోలో 2:00:35తో ప్రపంచ రికార్డు నెలకొల్పిన దివంగత కెల్విన్ కిప్టమ్ వారానికి 250 కిలోమీటర్లు దాటి పరుగెత్తేవాడని ఆయన కోచే చెప్పారు.